వద్దన్న ఉద్యోగం

బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులుపుకోవడం కూడా మరిచిపోయి ఆ అమ్మాయి లోపలికొచ్చింది. మెడకు ఉన్ని మఫ్లరు బిగించి చుట్టుకుంది. కళ్ళు ఏడ్చి ఎర్రబడ్డాయి.

"నేను కోరుకున్న ఉద్యోగాన్ని నేనే వద్దన్నానట, మేడమ్," అంది. గొంతు బొంగురుగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ఆల్మా రింగ్‌స్టాడ్ కుర్చీ చూపించింది. సెయింట్ పాల్ నగరంలో ప్రైవేటు డిటెక్టివుగా ఆమెకు మంచి పేరుంది. సహాయకుడు గ్లెన్ డాబ్స్ మాత్రం ఆమెను మించినవాళ్ళు ఈ దేశంలోనే లేరంటాడు. ఆమె మౌనంగా వింటోందంటే ఎవరికో మూడిందని అతని నమ్మకం.

అమ్మాయి పేరు కోరిన్ హాల్వర్‌సన్. సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది. వంతెనలు కట్టే బెన్‌రూడ్ కంపెనీ కాలేజీకి వచ్చి, ఆమెను డిజైన్ విభాగానికి ఎంచుకుంది. ఆలోచించి చెప్పమని మూడు వారాలు గడువిచ్చింది. గడువింకా సగం కూడా కాలేదు. నిన్న మంగళవారం అదే ఉద్యోగం ఆమె గదిలోనే ఉండే డేనా ప్రూయెట్‌కు ఇచ్చారు.

"సోమవారం పొద్దున నేను ఫోన్ చేసి వద్దన్నానని కంపెనీ వాళ్ళంటున్నారు. ఆదివారం నుంచి నాకు గొంతే లేదు మేడమ్! ఒక్క మాట పెగల్లేదు. పాపం డేనాయే తేనె నీళ్ళు కాచి ఇచ్చింది. ఆ ఫోన్ నాది కాదని చెబుదామని కంపెనీకి వెళ్తే, గుమ్మంలోంచే తిప్పి పంపేశారు."

"ఈ ఉద్యోగమే ఎందుకు కావాలి?"

"ఇక్కణ్ణుంచి మా ఊరు దగ్గర. సెప్టెంబరులో నాన్నకి పక్షవాతం వచ్చింది. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. జాలి చూపులు నాకు పడవు. ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగితే అక్కడ చెప్పాను." కోరిన్ తల దించుకుంది. "నా గొంతుతో మాట్లాడింది డేనాయేనేమో మేడమ్. మొదటి ఏడాది నుంచీ నా మార్కులంటే దానికి కడుపుమంట."

ఆ మధ్యాహ్నమే ఆల్మా, గ్లెన్ హాస్టలుకు వెళ్ళారు. డేనా తలుపు సగమే తీసింది.

"అవును, కుళ్ళుకున్నాను. అయితే ఏంటి?" అంది, ఎవరూ అడగకముందే. "ప్రతిసారీ అది ముందు, నేను వెనక. ఈ ఒక్కసారి నాకొచ్చింది. ఒక్క రోజులో తేల్చమన్నారు. సరేనన్నాను."

"ఒక్క రోజా?"

"రేపు సాయంత్రంలోగా చెప్పకపోతే పోతుందన్నారు. ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ ఉంది, అదయ్యాక చెబుతానన్నా వినలేదు."

"కోరిన్ వాళ్ళ నాన్నగారు ఎలాంటి మనిషి?"

డేనా తెల్లబోయింది. "ఆయనా? ఎద్దులాంటి మనిషి. మేము గదిలో చేరినప్పుడు ఫ్రిజ్ ఒక్కరే మోసుకొచ్చారు. ఇప్పుడూ ట్రాక్టరుతో మంచు తోస్తూ ఉండుంటారు. ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే," అంది ఆల్మా.

బెన్‌రూడ్ కంపెనీలో ఉద్యోగుల ఎంపిక చూసేది జోన్ వెస్టర్‌బర్గ్. ముప్పై దాటని యువతి, ఇస్త్రీ మడత చెదరని కోటు. వెనక గోడమీద పట్టా వేలాడుతోంది. సివిల్ ఇంజనీరింగ్ పట్టా ఈ గదిలో ఎందుకుందా అనుకున్నాడు గ్లెన్.

"ఫోన్ నేనే తీశాను," అంది జోన్. "తండ్రికి బాగాలేదు, ఊరెళ్ళిపోతానంది. గంట మోగినట్టుండే గొంతు, ఇంటర్వ్యూలో విన్నదే. పొరబడే ప్రశ్నే లేదు. ఇప్పుడు మనసు మార్చుకుని నాటకాలాడుతోంది."

"కాగితం మీద రాసిమ్మని అడగలేదా?"

"నోటిమాట చాలదా?"

ఆల్మా లేచింది. మెట్లు దిగుతుంటే గ్లెన్ ఆగలేకపోయాడు. "డేనాయే కదా మేడమ్? లాభపడింది ఆ పిల్లే."

"అసూయపడేవాళ్ళందరూ ఒకేలా పడరు గ్లెన్. రేపు అందరినీ ఒకచోట కూర్చోబెడదాం."

మర్నాడు కంపెనీ యజమాని హ్యారల్డ్ బెన్‌రూడ్ గదిలో అందరూ చేరారు. కోరిన్ కిటికీ పక్కన, డేనా తలుపు పక్కన కూర్చున్నారు. జోన్ నిలబడే ఉంది.

"కోరిన్‌కి సోమవారం గొంతు లేదు," అని మొదలుపెట్టింది ఆల్మా. "తేనె నీళ్ళు కాచిచ్చిన డేనాకి ఆ సంగతి తెలుసు. ఆమే వేషం కడితే బొంగురుగా మాట్లాడేది. కానీ జోన్ గారు విన్నది గంటలాంటి గొంతు. పైగా తండ్రి జబ్బు ఊసు. డేనా దృష్టిలో ఆయన ఇంకా ట్రాక్టరు నడుపుతున్నారు. ఆ జబ్బు సంగతి కోరిన్ చెప్పింది ఒక్క ఇంటర్వ్యూలోనే. ఆ గదిలో ఎవరున్నారు, బెన్‌రూడ్ గారూ?"

"జోన్ ఒక్కతే," అన్నాడు ఆయన మెల్లగా.

"అంటే ఆ రోజు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆ కథ జోన్ గారు అల్లిందే."

జోన్ ఒక అడుగు ముందుకేసింది. "రుజువేంటి?"

"నేను చెప్పినవే. మీ గోడమీదున్నది సివిల్ ఇంజనీరింగ్ పట్టా. డిజైన్ విభాగంలో ఆ ఉద్యోగం, ఆ బల్ల ఖాళీ అయితే ఎవరికిమ్మని అడిగారు మీరు?"

బెన్‌రూడ్ తలెత్తాడు. "సోమవారం నా దగ్గరికొచ్చి తనకిమ్మంది. జాబితాలో రెండో అమ్మాయిని పిలవమన్నాను."

"అందుకే డేనాకి ఒక్క రోజు గడువు. బెదిరి వద్దంటుందనుకున్నారు. పిల్ల సరేనంది."

జోన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆరేళ్ళు సార్! ఇదే పట్టాతో వచ్చాను. ఆడపిల్లవి, మనుషులతో బాగా మాట్లాడతావని ఆ ఎంపికల గదిలో కూర్చోబెట్టారు. డిజైన్ బల్లకి పిల్లల్ని ఏరి ఏరి నేనే పంపాలి. ఈ పిల్ల వంతెన బొమ్మ గీసి చూపిస్తుంటే నా కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది."

బెన్‌రూడ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆ నేరంలో తన వాటా ఎంతో ఆయనకప్పుడే తెలిసినట్టుంది.

"ఇంకొక్క మాట," అంది ఆల్మా, డేనా వైపు తిరిగి. "కోరిన్ ఫోన్ చేసి వద్దందని నీకు చెప్పినప్పుడు, అది అబద్ధమని నీకు తెలుసు."

డేనా గోళ్ళు చూసుకుంది. "తెలుసు."

కోరిన్ లేచి నిలబడింది. "మూడు రోజులు నాకు తేనె నీళ్ళు పోశావు కదే. ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"రాలేదు," అంది డేనా. "చెబితే మళ్ళీ నీదైపోతుంది కదా."

బెన్‌రూడ్ గొంతు సవరించుకున్నాడు. "కంపెనీ ఇద్దరికీ మాటిచ్చింది. ఇద్దరి విషయంలోనూ నిలబెట్టుకుంటుంది. రెండో బల్ల నేను వేయిస్తాను. కోరిన్, నీ గడువు నీదే. డేనా, తొందరపెట్టి తీసుకున్న మాట మాకొద్దు. నీకూ మూడు వారాలు. ఆ ఇంటర్వ్యూకి వెళ్ళిరా. జోన్, నువ్వుండు. మనం మాట్లాడుకోవాలి."

"నాకు గడువక్కర్లేదు సార్," అంది డేనా. "దాని ఎదురుగా కూర్చుని రోజూ మొహం చూడలేను. నా మాట వెనక్కిచ్చెయ్యండి."

బయట మంచు పడుతోంది. గ్లెన్ కారు అద్దం తుడుస్తూ చూశాడు. బస్సు స్టాపులో కోరిన్ నిలబడి ఉంది, చాలా వెనకగా డేనా. బస్సొచ్చింది. కోరిన్ ఎక్కి, తలుపు మూసుకోకుండా కాలడ్డం పెట్టింది.

"ఎక్కుతావా, ఎక్కవా?" అని కసిరింది వెనక్కి చూడకుండానే. "డ్రైవరు చూస్తున్నాడు."

డేనా పరుగెత్తి ఎక్కింది. బస్సు కదిలింది. ఒకమ్మాయి ముందు సీట్లో, ఒకమ్మాయి చిట్టచివరి సీట్లో కూర్చోవడం వెలుగుతున్న కిటికీల్లోంచి గ్లెన్‌కు కనిపించింది.