ఒకటి... ఆగి మూడు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేపుల్ చెట్ల వీధి చివరి ఇంటికి మంచి పేరు లేదు. నాలుగేళ్ళలో ముగ్గురు కొన్నారు, ముగ్గురూ అమ్మేసుకుని వెళ్ళిపోయారు. చీకటి పడే వేళకి బేస్‌మెంట్ తలుపును లోపలినుంచి ఎవరో కొడతారట. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో దానికి టకటక ఇల్లని పేరు కూడా పెట్టేశారు.

ప్లంబరొకడు చూసి, హీటింగ్ పైపుల చప్పుడని తేల్చాడు. వేడినీళ్ళు పారితే ఇనుము సాగుతుంది, సాగితే టకటకలాడుతుంది. కాలేజీలో ఫిజిక్సు చదివినవాడెవడైనా ఒప్పుకునే మాటే. కాకపోతే, చీకటి పడ్డాక ఫిజిక్సు ఎవరికి గుర్తుంటుంది?

బ్రహ్మయ్య కొడుకు హర్షిత్ ఇవేవీ లెక్కచెయ్యలేదు. "దెయ్యం ఉంటే ఇంకా మంచిది డాడీ, ప్రైస్ డ్రాప్ చేశారు," అని నవ్వుతూ కొనేశాడు.

జనవరిలో ఒకరోజు హీటింగ్ మెకానిక్ వస్తాడని, తండ్రిని ఆ ఇంట్లో కాసేపు ఉండమని చెప్పి ఆఫీసుకి వెళ్ళాడు. అయిదున్నరకే చీకటైపోయింది. మిషిగన్ చలికాలంలో సాయంత్రమనేది ఉండదు, మధ్యాహ్నం కాగానే రాత్రే. ఒక్కడే ఉండటానికి బ్రహ్మయ్యకి మనసొప్పలేదు. నాలుగు వీధుల అవతల కూతురింట్లో ఉంటున్న పాత స్నేహితుడు రాఘవులుకి ఫోన్ చేశాడు.

రాఘవులు చంకలో ఫైలు పెట్టుకుని వచ్చాడు. అందులో అతని నవల చివరి అధ్యాయం ఉంది. ఎమర్జెన్సీ రోజుల కథ... పేర్లన్నీ అసలు పేర్లే. మర్నాటికి విజయవాడ ప్రెస్సుకి పంపాలి. ఒక్క పేరు దగ్గరే అతని చెయ్యి ఆడటం లేదు.

శశికాంత్.

సామాన్లు లేని వంటింట్లో ఇద్దరూ కోట్లు విప్పకుండా అట్టపెట్టెల మీద కూర్చున్నారు. ఎదురుగా బేస్‌మెంట్ తలుపు.

"శశి చెల్లెలు ఇంకా ఉందిరా," అన్నాడు రాఘవులు. "అన్నయ్య ద్రోహి అని పుస్తకంలో చదువుకుంటుంది. మారుపేరు పెట్టనా?"

"నిన్ను ఏడాది పాటు జైల్లో కూర్చోబెట్టినవాడికి మారుపేరొకటా?" బ్రహ్మయ్య విసుక్కున్నాడు. "అసలు పేరే వెయ్యి. లోకానికి తెలియాలి."

అప్పట్లో వాళ్ళు ముగ్గురు. గుంటూరులో పొగాకు గొడౌను మీద ఒక గది, గదిలో ఒక సైక్లోస్టైల్ మిషను. ఇప్పటి పిల్లలకి చెబితే అర్థం కాదు గానీ, చేత్తో తిప్పుతుంటే కరపత్రాలు పడేవి. ఆ సిరా గోళ్ళలోకి దిగిందంటే వారమైనా పోదు. గోళ్ళు చూసి కుర్రాళ్ళని పట్టుకున్న రోజులవి... సరే, అది వేరే కథ. తలుపు కొట్టడానికి ముగ్గురికీ ఒక గుర్తుండేది.

బ్రహ్మయ్య బెజవాడ వెళ్ళిన మూడో రోజున, వీధిలో ఎవరో కాపు కాస్తున్నట్టనిపించి, మిగిలిన ఇద్దరూ ఆ గుర్తు మార్చారు. ఒకటి... ఆగి మూడు... చివర గోటితో ఒక గీత. లోపలున్నవాడు ఒక్క దెబ్బ కొట్టి జవాబివ్వాలి. మార్చుకుని, ఇడ్లీలు తెస్తానని శశి కిందికి దిగాడు.

గంట తర్వాత తలుపు మోగింది. ఒకటి... ఆగి మూడు... గోటి గీత.

రాఘవులు ఒక్క దెబ్బ కొట్టి గడియ తీశాడు.

గుమ్మంలో ఆరుగురు మఫ్టీ పోలీసులు!

శశి మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఉత్తరాదిన ఎక్కడో పేరు మార్చుకుని హాయిగా ఉన్నాడని జైలుకి కబురు తెచ్చినవాడు బ్రహ్మయ్యే. బత్తాయిలు కూడా తెచ్చాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కొత్త గుర్తు సంగతి మాత్రం రాఘవులు ఏనాడూ ఎవరితోనూ అనలేదు, నవల్లోనూ రాయలేదు. తన చేత్తో తనే గడియ తీశాడన్న సిగ్గు.

"ఇంకా ఆలోచిస్తావేంట్రా? పంపించెయ్—"

టక్.

ఇద్దరూ బేస్‌మెంట్ తలుపు వైపు చూశారు.

టక్ టక్ టక్...

ఆ తర్వాత, చెక్క మీద... సన్నగా... గోటితో గీసిన చప్పుడు.

రాఘవులు "పైపులు," అన్నాడు. లేచి రెండడుగులు వేశాడు.

బ్రహ్మయ్య అతని కోటు పట్టుకుని లాగాడు. "తియ్యకు..."

"పైపులంటే భయమేంట్రా?"

"పైపులు కాదు... అది శశిగాడి గుర్తు..."

మాట నోరు దాటాక గానీ బ్రహ్మయ్యకి తెలిసిరాలేదు.

"నీకెలా తెలుసు?" రాఘవులు గుసగుసగా అడిగాడు.

"నువ్వే చెప్పావుగా... జైల్లో..."

"నేను చెప్పలేదు. ఆ రోజు నువ్వు బెజవాడలో ఉన్నావు."

బ్రహ్మయ్య పట్టుకున్న కోటు వదిలేశాడు.

"ఇడ్లీ కొట్టు దగ్గర శశి కలిశాడు," అన్నాడు బ్రహ్మయ్య, నేల చూస్తూ. "గుర్తు మార్చాం, పాతది కొడితే రాఘవులు తియ్యడని... నా అరచేతి మీద కొట్టి నేర్పాడు. మా నాన్నని రెండ్రోజులుగా స్టేషన్లో కూర్చోబెట్టారు రా... నేనేం చెయ్యను?"

"శశి ఏమయ్యాడు?"

"పోలీసుల్ని చూసి మెట్లకి అడ్డం పడ్డాడు. నీకు వినబడేలా అరవబోయాడు. నోరు మూశారు..." బ్రహ్మయ్య ఎడమ అరచేతిని కోటుకేసి రుద్దుకుంటున్నాడు. "చాలాసేపు... మూశారు."

రాఘవులు ఫైలు తెరిచాడు. ఒక పేరు కొట్టేశాడు. దాని పైన ఇంకో పేరు రాశాడు.

"ఒరేయ్... మారుపేరైనా పెట్టరా..."

"నువ్వే వద్దన్నావుగా."

బ్రహ్మయ్య ఫోన్ మోగింది. వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది.

"డాడీ, మెకానిక్ రేపు వస్తాడట. చలిలో ఉండకండి, ఇంటికొచ్చెయ్యండి. హీటింగ్ ఎలాగూ లేదు, నవంబర్లోనే పైపులన్నీ డ్రెయిన్ చేసేశారు. చుక్క నీళ్ళు లేవక్కడ."

టక్.

టక్ టక్ టక్... గీత.

రాఘవులు తలుపు దగ్గరికి నడిచాడు. ఒక్క దెబ్బ కొట్టాడు.

"యాభై ఏళ్ళు బయటే నిలబెట్టానురా," అన్నాడు. "లోపలికి రా శశీ."

పిడి తిప్పి తలుపు తీశాడు.

మెట్లు... చీకటి... ఎవరూ లేరు. చల్లగాలి ఒకటి అతని భుజం రాసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

వెనక బ్రహ్మయ్య కెవ్వుమన్నాడు.

ఎడమ చెయ్యి ముందుకి చాపి ఉంది. వెనక్కి లాక్కోబోతున్నాడు, రావటం లేదు. ఎవరో పట్టుకున్నట్టు. ఆ అరచేతి మధ్యలో చర్మం ఒకసారి లోపలికి దిగింది... ఆగి మూడుసార్లు దిగింది...

ఆ తర్వాత మెల్లగా, మణికట్టు దాకా, ఒక ఎర్రటి గీత తేలింది.