ఊ కొట్టే పిల్ల

చలికాలం సెలవులొచ్చాయంటే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. వాళ్లని కాసేపు ఒకచోట కూర్చోబెట్టడానికని ఊళ్లో లైబ్రరీ ఏటా బొమ్మల పుస్తకాలు ఇళ్లకిస్తుంది. వాటితోపాటు వినడానికి కథలు కూడా రికార్డు చేయిస్తుంది. చదివేది అక్క, రికార్డు చేసేది తమ్ముడు. అక్కకి పిల్లలు పెట్టుకున్న పేరు కథలమ్మ. తమ్ముడికి ఏ పేరూ లేదు. అద్దం వెనకాల కూర్చునేవాడికి పేరెవరు పెడతారు?

కిందటేడు అక్క కూతురు కూడా వచ్చేది. ఆరేళ్ల పిల్ల. బల్ల కింద దూరి, అమ్మ చదివే ప్రతి మాటకీ ఊ కొట్టేది. కొట్టకపోతే కథ ఆగిపోతుందని దాని బెంగ. నిద్ర ముంచుకొచ్చేకొద్దీ ఆ ఊ సాగేది, పలచబడేది, ఆగేది. ఆగిందంటే పడుకున్నట్టే లెక్క. "ఊలన్నీ తీసెయ్‌రా, కథ శుభ్రంగా ఉండాలి" అనేది అక్క. అతను ఒక్కటీ మిగల్చకుండా తీసేశాడు. ఎంత శ్రద్ధగా తీశాడో తలుచుకుంటే ఇప్పుడు తన చేతులు తనకే నచ్చవు.

వానాకాలంలో పిల్లకి జ్వరం వచ్చింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అక్క చందమామని మింగిన చేప కథ చెబుతోంది. సగంలో ఊ ఆగింది. పడుకుందనుకుని గొంతు తగ్గించింది. దుప్పటి మెడదాకా కప్పి, తనూ పక్కన ఒరిగింది. నర్సు వచ్చి చెయ్యి పట్టుకుని చూసేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత అక్క కథ మాటెత్తలేదు. అసలు మాట్లాడటమే తగ్గించేసింది. అతనికి మిగిలింది అక్క ఒక్కతే, ఆమె కూడా కొంచెం కొంచెంగా చేజారిపోతోందని అతని భయం. ఈసారి లైబ్రరీవాళ్లు అడిగితే వద్దంటుందనుకున్నాడు. వచ్చింది.

"ఆ చేప కథే చదువుతానురా. సగంలో వదిలేశాను కదా" అంది.

బయట మధ్యాహ్నమే. కానీ రికార్డింగ్ గదికి పగలూ రాత్రీ తేడా లేదు. కిటికీల్లేవు. గోడల నిండా నల్ల స్పాంజి, పాత తివాచీ ముక్క వాసన, బల్ల మీద చిన్న దీపం. మధ్యలో ఎవరూ రాకుండా లోపల గడియ పెట్టుకోవడం అక్కకి అలవాటు. అద్దానికి ఇవతల అతను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేలెత్తాడు.

అక్క మొదలుపెట్టింది. చేప నీళ్లలో చందమామని చూసింది. అక్క ఆగింది. దానికి ఆకలేసింది. మళ్లీ ఆగింది. ఊ కోసం జాగా వదిలే అలవాటు ఇంకా పోలేదు. ఆ ఖాళీలు వింటుంటే అతని కళ్లు మసకబారాయి.

చేప నోరు తెరిచింది...

"ఊ."

అతను హెడ్‌ఫోన్లు తీసేశాడు. ఏమీ లేదు. మళ్లీ పెట్టుకున్నాడు. ఎక్కణ్ణుంచో ఫినాయిలు వాసన... తడి దుప్పటి వాసన...

"ఊ."

మైకు మీట నొక్కాడు. "అక్కా... నీకు వినబడుతోందా?"

అక్క తలెత్తలేదు. "వినబడుతోందిరా. నువ్వు మాట్లాడకు. అది జడుసుకుంటుంది."

వానాకాలం తర్వాత అక్క గొంతులో నవ్వు వినడం అదే మొదటిసారి. అతను మీట మీంచి వేలు తీసేశాడు. చేప చందమామని కక్కేసింది. ఊళ్లో వెన్నెల వచ్చింది. "అంతే బంగారం, అయిపోయింది" అంది అక్క.

బల్ల కింద ఏదో కదిలింది.

"ఇప్పుడు నేను చెప్తా. నువ్వు ఊ కొట్టు."

అక్క ఒక చెయ్యి బల్ల కిందికి చాపింది. "ఊ" అంది.

"అనగనగా ఒక గది. చాలా చలి."

"ఊ."

"నేనొక్కదాన్నే ఉన్నా."

"ఊఁ..."

"అమ్మా, ఒక్కదాన్నే ఎందుకుండాలి?"

"ఊ...ఊ..."

అక్క ఊ సాగుతోంది. పలచబడుతోంది. అతను మీట నొక్కి అరిచాడు. "అక్కా, ఊ కొట్టకు!" తలుపు దగ్గరికి పరిగెత్తాడు. గుద్దాడు, తన్నాడు. గడియ ఊడలేదు. మళ్లీ అద్దం దగ్గరికొచ్చి పడ్డాడు. లోపల అక్క తల బల్ల మీద వాల్చింది. పెదాల మీద నవ్వు అలాగే ఉంది.

పడుకుంది అనుకున్నాడు. పడుకుందంతే, రాత్రుళ్లు నిద్రలేదు కదా... పరుగులో జారిపడ్డ హెడ్‌ఫోన్లు తీసి చెవులకి పెట్టుకున్నాడు. అక్క ఊపిరి కోసం వెతికాడు.

"మామయ్యా... అమ్మ పడుకుంది."

అతను అద్దం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

"నువ్వు ఊ కొట్టు."

రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు. పెదాలు పళ్లకింద నొక్కి పట్టాడు. హెడ్‌ఫోన్లలో, మెల్లగా, అచ్చం అతని గొంతే "ఊ" అంది.