రైలు వంతెన కింద ఆగిన చుక్క

పిల్లలూ, సైకిలు దిగగానే ఫోన్లో 'ముగించు' నొక్కారా అని నేను అడిగితే మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. "అమ్మా, నీ ఎదురుగానే ఉన్నాం కదా" అంటారు. నిజమే. అయినా అడుగుతాను. ఎందుకో ఇన్నాళ్ళూ చెప్పలేదు. మనం ఇంత దూరంలో ఉండబట్టి పిన్ని గొంతు తప్ప పిన్ని ఇల్లు మీకు తెలియదు. అందుకని చెప్పకుండానే గడిచిపోయింది.

ఇందులో నేను కళ్ళారా చూసింది ఒక్కటే. మిగతాది పిన్ని నోట విన్నది. ఏది ఏదో విడదీసే చెబుతాను.

పిన్ని ఇంటికి వెళ్ళే దారిలో ఒక రైలు వంతెన ఉంది. రోడ్డు దాని కిందకి దిగి, మలుపు తిరిగి, మళ్ళీ పైకెక్కుతుంది. నెత్తి మీద పట్టాలు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు. పగలు కూడా అక్కడ లైట్లు వెలుగుతుంటాయి, వెలిగిన రోజున. ఆ చోటుకి మంచి పేరు లేదు...

ఆ చెడ్డపేరు పెట్టింది సైకిళ్ళ గుంపు వాళ్ళు. బాబాయి కూడా ఆ గుంపులో మనిషే. వాళ్ళ ఫోన్లలో ఒక యాప్ ఉండేది, మీ ఫోన్లలో ఉన్నటువంటిదే. ఎవరెటు తొక్కారో మ్యాపు మీద గీత గీస్తుంది. ఇంట్లోవాళ్ళు తమ ఫోన్లోంచి ఆ మనిషిని పచ్చ చుక్కలా చూస్తూ ఉండొచ్చు. ఎవరి చుక్కయినా సరే, వంతెన కిందకి వెళ్ళేసరికి మాయం. కాసేపటికి అవతల తేలుతుంది. ఒక్కోసారి గీత రోడ్డు వదిలేసి పట్టాల మీదుగా గెంతుతుంది.

"నిన్న వంతెన దగ్గర యాప్‌లో నా స్పీడు చూశారా?" అన్నాడట కళ్ళజోళ్ళ షాపాయన. "దెయ్యం తరమకపోతే నాకెక్కడిదండీ అంత స్పీడు?"

"మీ ఆవిడ తరిమినా అంతే తొక్కుతారు లెండి" అన్నాడట టైలరు.

అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడట. వాళ్ళిద్దరూ కొత్తగా చేరినవాళ్ళు. బాబాయి కూతురు పోయింది ఆ వంతెన కిందేనని వాళ్ళకి తెలియదు.

మీకు అక్క అవుతుంది. మేమంతా బుడంకాయ అని పిలిచేవాళ్ళం. ట్యూషన్ నుంచి సైకిలు మీద తిన్నగా ఇంటికి రాకుండా, మైదానం చుట్టూ తిరిగి తిరిగి వచ్చేది. యాప్‌లో గీత పొడుగవ్వాలని. "అన్నం చల్లారిపోతోంది, నీ గీతలు నాకొద్దు, నువ్వు రా" అని పిన్ని ఫోన్లో కేకలేసేది. ఒక సాయంత్రం వాన వెలిశాక బయల్దేరింది. వంతెన కింద లారీ. అంతకన్నా నేను చెప్పను.

పోలీసులు ఫోను ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. అద్దం పగిలింది, లోపల పనిచేస్తోంది. పిన్ని ఫోన్లో మాత్రం బుడంకాయ చుక్క వంతెన మొదట్లోనే నిలబడిపోయింది. పచ్చరంగు పోయి బూడిదరంగైంది. దాని కింద 'ప్రయాణం ఆగింది' అని ఉండేది. ముగిసింది అని కాదు. ఎవరైనా 'ముగించు' నొక్కేదాకా ఆ యాప్ అలాగే ఎదురు చూస్తుంది. ఎవరూ నొక్కలేదు.

"ఈ చుక్కని తీసేయాలా అని ఫోను అడుగుతోందక్కా. వద్దన్నాను" అంది పిన్ని.

పిన్నిది పళ్ళ ల్యాబులో పని. దంతవైద్యులు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చేస్తుంది. మళ్ళీ పనిలోకి వెళ్ళింది. "ఎవరెవరివో నోళ్ళక్కా. వాళ్ళు నవ్వితే బాగుండాలి కదా. చేస్తున్నా" అంది. గొంతులో ఏమీ లేదు. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటలంటే, ఉప్పు సరిపోయిందా... సరిపోయింది. గొళ్ళెం పెట్టారా... పెట్టాను. అంతే.

బాబాయి లిఫ్టులు బాగుచేసేవాడు. పూర్వం ఆలస్యంగా వస్తే పిన్ని నిలదీసేది. "లోపల ఎవరైనా ఇరుక్కున్నారా?"

"లేదు, ఖాళీదే."

"ఖాళీ డబ్బాకి కాపలా కాసి వచ్చారా ఇంతసేపూ?"

"ఖాళీదైనా రెండంతస్తుల మధ్య వదిలేసి రాకూడదోయ్. ఏదో ఒక అంతస్తుకి చేర్చి, తలుపు తెరుచుకోవడం చూసి రావాలి. మా పనిలో అది పద్ధతి."

బుడంకాయ పోయాక ఆ వాదనలూ పోయాయి. బాబాయి పని దిగి సైకిలు మీద చీకట్లో ఇంటికొచ్చేవాడు. పిన్ని వంటింట్లో ఫోను గోడకి ఆనించి ఆయన చుక్కని చూస్తూ ఉండేది. అందరి చుక్కలూ వంతెన కింద క్షణంలో మాయమై క్షణంలో తేలతాయి కదా... ఆయనది తేలేది కాదు. చుక్క మాయమయ్యాక బియ్యం కడిగి కుక్కరు పెడితే, కుక్కరు దించినా తేలేది కాదు. తర్వాతెప్పుడో అవతల కనిపించేది. ఒకరోజు అంతే. ఆ మర్నాడూ అంతే.

"వంతెన పైన పట్టాలున్నాయక్కా" అంది నాతో ఒకసారి.

నాకు అర్థమైంది. "అక్కడేం చేస్తున్నారని అడగరాదుటే?"

"అడిగితే... నువ్వనుకుంటున్నదే అంటే?"

మీ ఇద్దరి టిఫిను డబ్బాలకి మూతలు పెడుతూ ఉండిపోయాను.

ఇప్పుడు చెప్పేది చలికాలంలో జరిగింది. చీకటి తొందరగా పడుతోంది. బాబాయి చుక్క వంతెన కిందకి వెళ్ళింది... కుక్కరు దిగింది. కూర దిగింది. చుక్క రాలేదు. దూరంగా రైలు కూత వినిపించింది. రైలు వెళ్ళిపోయింది. పిన్ని ఆయనకి ఫోన్ చేసింది— స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

అప్పుడు నాకు చేసింది. ఇక్కడ మనకి తెల్లవారుతోంది. మీరింకా లేవలేదు. పిన్ని ఏడవడం లేదు, వణకడం లేదు. పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గుసగుసగా అంది.

"అక్కా... అది కదులుతోంది."

"ఏది?"

"బుడంకాయ."

నేను ఫోను చెవికి ఇంకా ఆనించుకున్నాను.

"పచ్చగా అయ్యిందక్కా. వంతెన దాటింది... మెల్లిగా వస్తోంది... నీళ్ళ ట్యాంకు దగ్గరికి వచ్చింది..."

"మరి ఆయన?"

"ఆయన లేరు. దానిదొక్కటే ఉంది." మళ్ళీ తెర వైపు చూసింది కాబోలు. "మైదానం చుట్టూ తిరుగుతోందక్కా. ఇంకా తిరుగుతోంది... ఆ, ఇప్పుడు మన వీధి. మన వీధిలోకి తిరిగింది."

ఫోన్లోంచి నాకు కూడా వినిపించింది— సైకిలు బెల్లు. ఒక్కసారే.

పిన్ని ఫోను గట్టు మీద పెట్టేసి వెళ్ళింది. గొళ్ళెం తీసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను "అమ్మలూ, అమ్మలూ" అని పిలుస్తూనే ఉన్నాను.

గుమ్మంలో ఉన్నది బాబాయి. సైకిలు హ్యాండిలుకి పగిలిన ఫోను తగిలించి ఉంది. దాని మీద పచ్చ చుక్క.

"నా ఫోను టార్చి వేసి వేసి చచ్చిపోయింది" అన్నాడట.

రోజూ ఆయన వంతెన కింద ఆగి, టార్చి వెలుగులో ఆ చోటు చూసి, ఛార్జి చేసి ఉంచిన బుడంకాయ ఫోను సంచీలోంచి తీసేవాడట. తెర మీద రెండే మాటలు. 'కొనసాగించు', 'ముగించు'. రెండూ నొక్కలేక మళ్ళీ సంచీలో పెట్టేసేవాడు. ఆ రోజు మొదటిది నొక్కాడు.

"మధ్యలో వదిలేసి రాలేకపోయానోయ్" అన్నాడు. "ఇంటికి చేర్చాను."

పిన్ని తలుపు రెండో రెక్క కూడా తీసింది. సైకిలు లోపలికి తెచ్చారు. ఇద్దరి వేళ్ళూ కలిపి 'ముగించు' నొక్కారు. "శభాష్, ఈనాటి ప్రయాణం పూర్తయింది" అంది ఫోను హుషారుగా. ఇద్దరూ ఏడవలేదట. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నారు. ఉప్పు సరిపోయిందా అని అడిగితే, ఈరోజు కాస్త ఎక్కువైంది అన్నాడట బాబాయి. ఎన్నాళ్ళకో ఆయన వేరే జవాబు చెప్పాడని పిన్ని నాకు చెప్పింది.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఏది ఏదో విడదీసి చెబుతానన్నాను కదా.

చేయి కడుక్కుంటూ పిన్ని అడిగింది. "మైదానం చుట్టూ ఎందుకు తిరిగారు?"

"మైదానమా?" అన్నాడు బాబాయి. "నేను సైకిలు ఎక్కనే లేదు. నడిపించుకుంటూ పెద్ద రోడ్డు మీదే తిన్నగా వచ్చాను. మైదానం గేటుకి తాళం వేసి ఎన్నాళ్ళైంది..."

నేను కళ్ళారా చూసింది ఇదే. ఆ మ్యాపుని పిన్ని నాకు పంపింది. వంతెన నుంచి గీత బయల్దేరింది. నీళ్ళ ట్యాంకు దాటింది. మైదానంలోకి వెళ్ళి ఒకదాని మీద ఒకటి గుండ్రంగా చుట్లు చుట్టి, బయటికొచ్చి, ఇంటి గుమ్మం దగ్గర ఆగింది.

సిగ్నల్ తప్పి ఉంటుందని నేనే పిన్నికి చెప్పాను. గోడల మధ్య అలా తప్పుతుంది కదా అన్నాను. పిన్ని సరే అంది.

మైదానానికి ఉన్నది తీగల కంచె. గోడలు లేవు.

అందుకే, పిల్లలూ, మీరు తలుపు తీసుకుని లోపలికి వచ్చినా నా కళ్ళు ఫోను మీదే ఉంటాయి. ఇంటికి రాగానే 'ముగించు' మీ వేలితో మీరే నొక్కండి. మీతో తొక్కే స్నేహితులకి కూడా ఈ కథ చెప్పండి. వాళ్ళ ఇళ్ళల్లో కూడా వంటింటి గోడకి ఫోను ఆనించుకుని ఎవరో ఒకరు చుక్కని చూస్తూ ఉంటారు.