మొగుడి పేరిట గెంతులు

"గెంతు మావా! ఇంకొక్క గెంతు!" అని పైడితల్లి బతిమాలుతోంది. మినీ ట్రాంపొలిన్ మీద సన్యాసిరావు ఉన్నచోటే కూలబడ్డాడు. "నా వల్ల కాదే. మోకాళ్లు మొరాయిస్తన్నాయి."

ఇద్దరూ చంద్రుడి మీద గని కూలీలు. అక్కడ మనిషి బరువు ఆరో వంతే. మొయ్యడానికి బరువు లేని ఎముకను ఒళ్లు పట్టించుకోదు, అది గుల్లబారిపోతుంది. అందుకే డాక్టర్ సువార్త ఈ ట్రాంపొలిన్ తయారుచేసింది. భుజాలకు తగిలించిన ఎలాస్టిక్ బెల్టులు కిందికి లాగుతుంటే, గెంతి దిగినప్పుడల్లా ఎముకకు చిన్న అదురు తగులుతుంది. 'ఓహో, దీంతో పనుంది' అనుకుని ఒళ్లు మళ్లీ కాల్షియం పోస్తుంది. గుండె బలపడుతుంది, తూలుడు తగ్గుతుంది. చేతి బ్యాండ్ ఎవరెన్ని గెంతులేశారో లెక్కకట్టి డాక్టరుకు రిపోర్టు పంపుతుంది.

ఎముకలు గట్టిపడితేనే భూమికెళ్లే ఓడలో సీటు. గట్టిపడ్డవాళ్లని ఇక్కడ ఉండనివ్వరు కూడా, కాలనీలో గాలికి కరువు మరి. వచ్చే ఓడ తప్పితే, ఆ తర్వాతది వచ్చేసరికి ఎముకలు పూర్తిగా గుల్లబారి సన్యాసిరావు ఇక ఇక్కణ్ణుంచి కదల్లేడు. పైడితల్లి మొగుడి పక్కకొచ్చి కూర్చుంది.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు సింహాచలం గిరి ప్రదక్షిణ ఎవలు సేసినారు? కొండ సుట్టూ నడిసింది నేను, లేచి కూకున్నది నువ్వు. ఇదీ అంతే! ముందు నువ్వెల్లు, ఎనకాల నేనొస్తాను."

మొగుడి బ్యాండ్ లాగి తన చేతికి కట్టుకుంది. గెంతింది. అరికాళ్లు బొబ్బలెక్కినా నెలల తరబడి పిచ్చిదానిలా గెంతింది. వద్దే వద్దే అని ఆయన పక్కన కూర్చుని ఏడ్చేవాడు.

రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది, ఆయనకు సీటూ వచ్చింది. ఓడెక్కే ముందు ఎందుకైనా మంచిదని డాక్టరు సన్యాసిరావును స్కానర్ కింద పడుకోబెట్టి నిర్ఘాంతపోయింది.

"ఇవి ఎముకలా, చీపురుపుల్లలా? భూమ్మీద అడుగుపెడితే విరిగిపోతాయి!"

పైడితల్లి గొల్లుమని ఏడ్చి జరిగిందంతా చెప్పేసింది. డాక్టరు ఆమెనూ స్కాన్ చేసింది.

"నీ ఎముకలు ఉక్కులా ఉన్నాయమ్మా. ఆ సీటు నీదే. ఉండిపోతానన్నా రూలు ఒప్పుకోదు."

"ఓలమ్మో! నేనెల్లిపోతే ఈ మనిషికి గంజి ఎవలు పోస్తారు? నీ కాళ్లట్టుకుంటాను, ఎముకలు గుల్లసేసే మిషనుంటే నన్ను దాని మీదెక్కించు తల్లీ!"

"ఈ చంద్రుడే ఆ మిషను. కానీ ఏళ్లు పడుతుంది. ఓడ సాయంత్రమే."

సన్యాసిరావు మెల్లగా లేచి, పెళ్లాం చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.