చెక్కగోడకు కన్నం

1668 నవంబరు 12, ఉదయం పది గంటలు. లైడెన్‌లో చిత్రకారుడు యోరిస్ ఇంట్లో, చీకటి గదిలో కొవ్వొత్తి పట్టుకుని కూర్చున్న లైస్‌బెత్ దాన్ని ఊది ఆర్పేసి బయటికొచ్చింది.

రాత్రి చిత్రాలను ఆ ఊళ్లో పగలే వేస్తారు. కిటికీ లేని గదిలో మనిషిని కొవ్వొత్తితో కూర్చోబెట్టి, చిత్రకారుడు బయట వెలుతురులో కూర్చుని, చెక్కగోడకు చేసిన కన్నంలోంచి చూస్తూ వేస్తాడు. మూడు వారాలుగా, రోజుకు మూడు గంటలు, లైస్‌బెత్‌కు యోరిస్‌లో కనిపించింది ఒక్క కన్నే. మాటలు మాత్రం కన్నంలోంచి అటూ ఇటూ తిరిగేవి. ఉల్లిపాయ తిని కూర్చోవద్దని ఆమె దెప్పేది. నవ్వితే గడ్డం కదులుతోందని అతను విసుక్కునేవాడు.

డెల్ఫ్ట్‌లో లైస్‌బెత్ వదినకు నెలలు నిండాయి. సాయానికి శుక్రవారం పడవలో రమ్మని అన్న ఉత్తరం రాశాడు. వెళ్తే రెండేళ్ల దాకా వదలరు. ఈలోపు యోరిస్ నోరు విప్పుతాడేమోనని ఆమె చూసింది. అతను మాత్రం బొమ్మలో కొవ్వొత్తి మంట కుదరలేదని, రేపొక్కరోజు రమ్మని అనేవాడు. పదకొండు సార్లు అన్నాడు.

ఆమె నేరుగా చిత్రం దగ్గరికి వెళ్లింది. బుగ్గ, టోపీ, చేతులు పూర్తయి ఉన్నాయి. మంట మీద వేలు పెట్టింది. వేలికి పసుపు రంగు అంటింది.

"అంతా ఎప్పుడో ఆరింది. ఇదొక్కటే పచ్చిగా ఉందేం?"

రోజూ సాయంత్రం దాన్ని గుడ్డతో తుడిచేస్తున్నానని యోరిస్ ఒప్పుకున్నాడు.

"ఎందుకు?"

"పూర్తయితే మీరు రారు కదా."

"ఆ ముక్క చెప్పడానికేం? నోట్లో కుంచె పెట్టుకున్నావా?" 'మీరు' అనడం ఆమె అక్కడితో మానేసింది.

ఎదురుగా ఉంటే మాట రాదన్నాడు. లైస్‌బెత్ కొవ్వొత్తి వెలిగించి అతని చేతిలో పెట్టి, గదిలోకి నెట్టి, తలుపు మూసింది. కన్నానికి కన్ను ఆనించింది.

"ఇప్పుడు ఎదురుగా లేను. చెప్పు."

"డెల్ఫ్ట్ వెళ్లకు. నన్ను పెళ్లి చేసుకో."

"గడ్డం కదులుతోంది. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాడు. ఆమె తలుపు తీసింది.

సాయంత్రం యోరిస్ వెళ్లి ఆమె తల్లిని అడిగాడు. నూలు వడుకుతున్న ఆవిడ చక్రం ఆపలేదు.

"ఇన్నాళ్లు పట్టిందా, నాయనా? డెల్ఫ్ట్‌కు వేరే పిల్లను పంపి వారమైంది," అంది. ఆ సంగతి కూతురికి చెబితే ఇద్దరూ ఇంకా తాత్సారం చేస్తారని చెప్పలేదట.

డిసెంబరులో మూడు ఆదివారాలు చర్చిలో వాళ్ల పెళ్లి ప్రకటన చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.