దశరథం కారుకు ఎక్కిళ్లు

కోరుట్లలో ఆ వీధివాళ్లకు పొద్దున్నే గడియారంతో పని ఉండేది కాదు. దశరథం కారు ఎక్కిళ్లు పెట్టిందంటే పాలు కాచుకునే వేళయిందని అర్థం. కారు నాలుగు గజాలు దూకేది, ఆగేది, కాసేపు ఆలోచించుకునేది, మళ్లీ దూకేది. ముందు దశరథం, వెనక భార్య ముత్తవ్వ, కూతురు ప్రణీత. ముగ్గురి తలలూ ఒకేసారి ముందుకూ వెనక్కూ ఊగేవి. చూసేవాళ్లకు ఆ కుటుంబం ఏదో విషయంలో గట్టిగా ఏకీభవిస్తున్నట్టు ఉండేది.

దశరథం ఇరవై రెండేళ్లు దుబాయిలో, రేసుకార్లకు బలం పెంచే గ్యారేజీలో పనిచేశాడు. ఇక చాలని ఎండాకాలంలో ఇంటికి వచ్చేశాడు. వచ్చేవాళ్లందరూ దుప్పట్లు, సెంటు సీసాలు తెస్తారు. ఆయన రెండు నల్లడబ్బాలు తెచ్చాడు. ఒకటి ఇంజను గుంజే బలాన్ని, అంటే టార్క్‌ను పెంచుతుంది. రెండోది ట్రాక్షన్ కంట్రోల్. చక్రం పట్టు తప్పి ఉత్తినే తిరిగితే ఆ బలాన్ని కోసేస్తుంది. ఎడారిలో పందేలు వేసుకునే కార్ల కోసం పుట్టిన ఈ రెంటినీ ఆయన జగిత్యాలలో కొన్న పాత డీజిల్ కారుకు బిగించాడు. ఒకటి పొమ్మనేది, ఒకటి ఆగమనేది. అంతకుముందు ఆ ఇంట్లో ఈ రెండు పనులూ ముత్తవ్వ ఒక్కతే చేసేది.

'ఇచ్చట కార్ల బలం పెంచబడును' అని బోర్డు రాయించి దుకాణం కూడా పెట్టాడు. వచ్చిన ప్రతివాడూ ఒక్కటే అడిగాడు, మైలేజ్ ఎంతిస్తదని. ఒకాయన మాత్రం తన గ్యాస్ పొయ్యికి బలం పెంచగలడా అని అడిగాడు. దసరా నాటికి దశరథం పాత గ్యారేజీకి ఫోన్ చేశాడు. వాళ్లు వీసా పంపారు.

"ఏంది బాపు, ఇయ్యాల ఇంక ఎక్కువ ఎగురుతుంది?" అంది ప్రణీత, ప్రయాణానికి ముందురోజు పొద్దున.

"రోడ్డు మంచిగ లేదు."

"నిన్న డీజిల్ మంచిగ లేదంటివి."

"నిన్న డీజిలే మంచిగ లేదు."

ముత్తవ్వ నడుము పట్టుకుంది. "గా బలం పెంచే మర జర తగ్గియ్యరాదయ్యా. పేగులు కదులుతున్నయి."

"తగ్గిస్తె బర్రె లెక్క కూసుంటది. ఏడు మీదికెల్లి దించితె గీ బండి కదలనే కదలది."

"మరి గా రెండోది?" అని అడిగింది ప్రణీత.

"అది అంకె పెంచి వదులు చేస్తె చక్రం తిరుగుడే తిరుగుడు. బురదల దిగవడ్తది. రెండిట్ల ఏదీ ముట్టకుండ్రి. రేపు ఏర్‌పోర్టుకు గిదే సెట్టింగు."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, ప్రణీత డిగ్రీ కాలేజీ లేదు. విమానం మాత్రం ఉంది. అందుకని కారులోనే హైదరాబాద్ పోవాలని నిర్ణయమైంది. దశరథం డ్యాష్‌బోర్డు అర మూత తీసి, లోపలున్న రెండు డబ్బాల మరలను తన అంకెల మీద పెట్టి, మూసేశాడు. తిరుగు ప్రయాణంలో నడపడానికి ప్రణీత ఉంది. ఎక్కిళ్లు భరించడం ఆమెకు అప్పటికే వచ్చు.

వారం నుంచి ఆయన ఇంట్లో గది గదికీ తిరిగి "పోతున్న మరి" అంటున్నాడు. హాల్లో అన్నాడు, వంటింట్లో అన్నాడు, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే అక్కడికీ వెళ్లి అన్నాడు. ఉండిపొమ్మని ఎవరైనా అంటే, కాసేపు కాదని, తర్వాత ఒప్పుకుందామని ఆయన ఏర్పాటు. ఎవరూ అనలేదు.

"పోతున్న మరి," అన్నాడు ఆ సాయంత్రం చివరిసారిగా.

"మామిడితొక్కు ఒక్క డబ్బ సరిపోతదా, రెండు పెట్టాల్నా?" అంది ముత్తవ్వ.

"రెండు పెట్టు," అన్నాడు దశరథం. బాధ బాధే, తొక్కు తొక్కే.

మరునాడు కారు వీధి దాటింది. ఎక్కిళ్లు లేవు. మేడిపల్లి వైపు గతుకులు వచ్చాయి. అప్పుడూ లేవు. దశరథం కళ్లు మెరిశాయి.

"సూశిండ్రా? నీళ్ల మీద పడవ లెక్క లేదా?"

వెనక సీట్లో తల్లీ కూతుళ్ల మొహాలు మాడిపోయాయి. కారు బాగా నడుస్తున్నందుకు అంతగా దిగులుపడిన కుటుంబం ఆ జిల్లాలో మరొకటి ఉండదు.

రుద్రంగి దాటాక ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా చెట్టు పడేశారు. పక్కన పొలం బాట ఉంది. రాత్రి వానకు అది బాట అన్న సంగతి బాటే మరిచిపోయింది. ముందున్న జీపు సగం దాకా దిగబడి ఉంది. ముత్తవ్వ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. పాపం, గట్టెక్కాలని మొక్కుతోందనుకున్నాడు దశరథం. కారు తొందరపడకుండా, బురదను కొద్దికొద్దిగా తొలుచుకుంటూ, చెప్పులు చేతబట్టుకుని నడిచే పెద్దమనిషిలా అవతలికి చేరింది. ముత్తవ్వ కళ్లు తెరిచి "చేరినమా?" అంది. ఆ గొంతులో సంతోషం ఏమీ లేదు.

సిరిసిల్లలో నిరసనగా నడిరోడ్డు మీద వంటా వార్పూ జరుగుతోంది. పెద్ద గుండిగల్లో కిచిడీ ఉడుకుతోంది. మరమగ్గాల కార్మికుడు పరశురాములు గరిటెతో కారుకు అడ్డం వచ్చాడు.

"ఏడికన్నా?"

"దుబాయి."

"గిక్కడ తెలంగాణ రావట్టె, నువ్వు దుబాయి పోవడ్తివి. సరే, రోడ్డు ఇడిచేదాక దిగి తిను."

విస్తరాకులు పట్టుకుని ముగ్గురూ కారు పక్కనే నిలబడ్డారు. గొప్పలు చెప్పుకోవడానికి దశరథానికి ఐదు నెలల తర్వాత మనిషి దొరికాడు. "నా బండి సూశినవా తమ్మీ? గా బురదల జీపు దిగవడ్డది, నాది దిగవడలే. టార్క్ ఏడు మీద, ట్రాక్షన్ రెండు మీద పెట్టిన. సూపిస్త రా." అర మూత తీశాడు. టార్క్ మూడు మీద ఉంది. ట్రాక్షన్ ఎనిమిది మీద ఉంది.

దశరథం మూత మూసి మళ్లీ తీశాడు. అంకెలు మారలేదు.

"ఎవలు ముట్టిండ్రు?"

పరశురాములు ఆ మొహం చూసి, గుండిగ వైపు పని ఉన్నట్టు వెళ్లిపోయాడు.

"అడుగుతున్న. నా పని మీద చెయ్యి ఎవలు పెట్టిండ్రు? గీ ఇంట్ల నాదనేది గా కారొక్కటే. దాన్ని గూడ ఇడువరా?"

"బలం మర రాత్రి నేనే దించిన," అంది ముత్తవ్వ విస్తరిలోకి చూస్తూ.

"రెండోది నేను వదులు చేసిన," అంది ప్రణీత.

తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వెందుకే?"

"నువ్వెందుకు?"

బలం తగ్గాక చక్రం జారలేదు, కోత వదులయ్యాక కారు దూకలేదు. ఐదు నెలలుగా నిపుణుడికి కుదరనిది, చెడగొడదామనుకున్న ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా కుదిర్చేశారు.

"కదలనే కదలది అంటివి గద," అంది ముత్తవ్వ. "బండి ఆగితె విమానం పోతది, నువ్వుంటవు. గంతే అనుకున్న. నువ్వు చెప్పినట్టు ఒక్కటన్న అయిందా?"

"మీకు నా మీద గంత ఉంటె నోటితోని చెప్తె అయిపోవు గద. వారం సంది పోతున్న పోతున్న అని తిరుగుతున్న. ఎందుకు అని ఒక్కలన్న అడిగిండ్రా?"

"ఇరువై రెండేండ్లు పోయిరా అన్న నోరు ఇది. పోయిరా అనంగనే నువ్వు పోతివి. ఉండు అనుడు దానికి ఎట్ల వస్తది?"

"నేను లేకుంటె మీకు అలవాటే అనుకున్న."

"నువ్వున్నదే అలవాటు లేకపాయె," అంది ప్రణీత. "నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు నువ్వు సెలవు మీద అచ్చినవు. నీకు నమస్తే పెట్టి, మా బాపు దుబాయిల ఉంటడు, కూసోండ్రి అన్న. నీకు యాది లేదు కావచ్చు."

దశరథానికి యాది ఉంది. ఆయన ఆ రోజు కూర్చున్నాడు కూడా. పిల్ల ఇచ్చిన మంచినీళ్లు తాగాడు. ఇప్పుడు కిచిడీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు నిండాయి.

"కారం ఎక్కువైంది," అన్నాడు.

"కారం ఎయ్యనే లేదన్నా," అన్నాడు పరశురాములు దూరం నుంచి, నొచ్చుకుని.

కాసేపటికి దశరథం ముక్కు తుడుచుకున్నాడు. "ఉండి ఏం చెయ్యాలె? దుకాణానికి ఒక్కడన్న వస్తలేడు."

"బలం పెంచుతనని రాస్తివి," అంది ప్రణీత. "కుదుపులు లేకుంట చేస్తనని రాయి. గీ రోడ్ల మీద ఎవలకు గావాలె బాపు, బలం?"

అంతలో వంటా వార్పూ ముగిసింది, రోడ్డు విడిచారు. ముగ్గురూ కారెక్కారు. దశరథం తాళం చెవి తిప్పలేదు. చేతులు స్టీరింగ్ మీద పెట్టి, అద్దంలో ముత్తవ్వను చూస్తూ కూర్చున్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

వెనక లారీ హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఓ అన్నా, హైద్రబాద్ పోతవా, పోవా?"

దశరథం అద్దంలోంచి కళ్లు తిప్పలేదు. హారన్ ఇంకోసారి మోగింది. ముత్తవ్వ కిటికీలోంచి తల బయటికి పెట్టి, కొంగు సర్దుకుంది.

"పోడు," అంది లారీవాడితో. "మా ఆయిన ఇగ ఏడికీ పోడు. నువ్వు పో, నాయినా."