ఏరేటర్లు ఆగినప్పుడు

తోటపల్లి గూడూరు అవతల, రొయ్యల గుంటల గట్టునానుకొని మగ్దలీనమ్మ ఇల్లు. పొద్దు వాలితే రొయ్యలకు గాలి అందేట్టు ఏరేటర్లు నీళ్లు చిలికే చప్పుడు, ఉప్పుగాలి, మేత కంపు. చుట్టుపక్కల వాళ్లకు ఆ చప్పుడే జోలపాట. ఆమె కొడుకు రూఫస్‌కు మాత్రం కంటి మీద కునుకు లేదు. రొయ్యలు దొంగిలించినారని గుంటల యజమాని మనుషులు అతన్నీ, తోటి కాపలావాడు చిన్నపోలయ్యనీ మోటారు షెడ్డులో కట్టేసి కొట్టినారు. రూఫస్ ప్రాణంతో ఇల్లు చేరినాడు. చిన్నపోలయ్య చేరలేదు.

ఆ చప్పుడే బిడ్డను తినేస్తోందని తల్లి అతని చెవుల్లో దూది కుక్కేది.

నెల్లూరు నుంచి వచ్చే మనసు డాక్టరమ్మ షారన్ ఆ దూది చూసింది. "ఏం జరిగిందని అడగబాకండి పెద్దమ్మా. తనే చెప్తాడు. అప్పుడు పక్కన కూర్చోండి, చాలు."

"ఊరికే కూర్చోడానికా తల్లీ నువ్వు అంత చదువు చదివింది?"

"అవును పెద్దమ్మా. అదే నాకింకా సరిగ్గా రాలేదు" అని నవ్వింది షారన్.

ఆ సాయంత్రం దీపం పెట్టకముందే కరెంటు పోయింది. ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగినాయి. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. రూఫస్ గోడ మూలకు జరిగి ముడుచుకున్నాడు.

"చప్పుడు ఆగింది కదా నాయనా, ఇంకేం భయం?"

"ఆగితేనే అమ్మా, వినపడేది..." షెడ్డు వైపు చూసినాడు. "ఆ పొద్దూ ఇట్లనే కరెంటు పోయింది. 'అన్నా, దాహం' అని పిలిచినాడు చిన్నపోలయ్య. పలికితే మళ్లీ వచ్చి కొడతారని... నేను పలకలేదు."

మగ్దలీనమ్మ ఏమీ అడగలేదు. పక్కన కూర్చుంది.

షెడ్డు వైపు నుంచి, ఎండిపోయిన గొంతు...

"అన్నా... దాహం..."

ఆమెకూ వినిపించింది.

పొద్దు వాలినాక పిలిచే గొంతుకు పలకగూడదు, పలికితే ఇంట్లోకి వస్తుందని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పేది. పలకకపోతే ఈ బిడ్డ ఏమైపోతాడు? మధ్యాహ్నం మోసుకొచ్చిన నిండు బిందెలో చెంబు ముంచి కొడుకు చేతికిచ్చింది.

"పలుకు నాయనా."

రూఫస్ పెదాలు కదిలినాయి. "వస్తున్నా... తమ్ముడూ."

గడప అవతల చెంబు పెట్టినాడు. చీకట్లో గుటకలు. ఆబగా... తర్వాత నెమ్మదిగా. తర్వాత ఏమీ లేదు.

రూఫస్ ఏడ్చినాడు. ఇల్లు చేరినాక ఏడవడం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, పసివాడి మాదిరి తల్లి ఒళ్లోనే నిద్రపోయినాడు. ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటా అతని తల నిమురుతా ఉండింది ఆమె.

గడప దగ్గర ఖాళీ చెంబు దొర్లింది.

"అన్నా... నాకూ..."

ఆడగొంతు.

దాని వెనక ఇంకొకటి. ముసలిది.

షెడ్డులో కట్టేసింది ఇద్దరినే కదా?

పాపం, వీళ్లు ఎవరి బిడ్డలో... కొడుకు తలను మెల్లగా చాప మీదికి దించి, మగ్దలీనమ్మ తడుముకుంటా బిందె దగ్గరికి పోయింది. చెయ్యి లోపలికి పెట్టింది.

ఇందాక అంచుదాకా ఉన్న బిందె. వేళ్లు అడుగుకు తగిలినాయి.

పొడిగా ఉంది.